మూడు ఎండాకాలాల లోరా వాడకం: నన్ను గట్టెక్కించిన ఒక్క అంకె

లోరా అంటే తక్కువ కరెంటుతో చిన్న చిన్న మెసేజ్‌లను దూరం పంపే రేడియో. దాని మాడ్యూల్ ఎలా ఉందని అడిగితే అందరూ ముందు రేంజ్ గురించే మాట్లాడతారు. నేను ఒక్క అంకె గురించి చెబుతాను. ఆర్డుయినో బోర్డుల కోసం రాసిన లోరా లైబ్రరీలో ఆర్‌ఎస్‌ఎస్‌ఐ (సిగ్నల్ బలం), ఎస్‌ఎన్‌ఆర్ (నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ ఎంత) ఫంక్షన్ల పక్కనే ‘ప్యాకెట్ ఫ్రీక్వెన్సీ ఎర్రర్’ అని ఒక ఫంక్షన్ ఉంది. మన రిసీవర్ ఎదురుచూస్తున్న ఫ్రీక్వెన్సీకి, మెసేజ్ నిజంగా వచ్చిన ఫ్రీక్వెన్సీకి ఎన్ని హెర్ట్జ్ తేడా ఉందో అది చెబుతుంది. మొదట్లో దాని జోలికే పోలేదు. ఇప్పుడు అది తెర మీద కనబడకపోతే నాకు తోచదు.

మాది అనంతపురం జిల్లా. చీనీ తోట ఇంటికి రెండు కిలోమీటర్ల పైచిలుకు దూరం. బోరు దగ్గర ఫోన్ సిగ్నల్ ఒక గీత వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. మోటారు ఆడుతోందా, డ్రిప్ పైపులో నీళ్లు పారుతున్నాయా, ఈ రెండు సంగతులు ఐదు నిమిషాలకోసారి ఇంట్లో తెలిస్తే మా నాయనకు చాలు. స్టార్టర్ డబ్బా పక్కనే ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఈఎస్‌పీ32 కంట్రోలర్ బోర్డు, ఎస్‌ఎక్స్1276 చిప్ ఉన్న లోరా మాడ్యూల్, ఒక 18650 లిథియం సెల్లు, పైన చిన్న సోలార్ ప్లేటు పెట్టాను. ఇంట్లో అలాంటిదే ఇంకో మాడ్యూల్, ఒక చిన్న తెర. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ వరకు, పవర్ పరిమితి దాటకుండా లైసెన్స్ లేకుండానే వాడుకోవచ్చు కాబట్టి 866 పెట్టుకున్నా.

బిగించింది డిసెంబర్‌లో. మొదట మెసేజ్‌లు అరాకొరాగా వచ్చేవి. అక్కడా ఇక్కడా చదివి బ్యాండ్‌విడ్త్‌ను, అంటే సిగ్నల్ పరుచుకునే ఫ్రీక్వెన్సీ వెడల్పును, 125 కిలోహెర్ట్జ్ నుంచి 31.25కి తగ్గించాను. స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ 10 (ఇది పెంచితే బలహీనమైన సిగ్నల్ కూడా అందుతుంది, కానీ మెసేజ్ నెమ్మదిస్తుంది). అంతే, ఒక్క మెసేజ్ కూడా తప్పిపోలేదు. బ్యాండ్‌విడ్త్ నాలుగో వంతుకు తగ్గితే లోపలికొచ్చే నాయిస్ కూడా నాలుగో వంతుకు తగ్గుతుంది, అంటే 6 డెసిబెళ్ల లాభం. యాంటెనా మార్చకుండా, ఒక్క లైను కోడ్‌తో అంత లాభం రావడం చూసి ఆ చలికాలమంతా కనబడినవాళ్లందరికీ ఇదే చెప్పాను. విన్నవాళ్లలో ఇద్దరు అదే సెట్టింగ్ పెట్టుకున్నారు కూడా.

మార్చి నెలాఖరులో మొదలైంది. పొద్దున బాగానే ఉంటుంది. పదకొండు దాటాక ఒకటీ అరా తప్పుతాయి. పన్నెండున్నర నుంచి నాలుగింటి దాకా పూర్తిగా నిశ్శబ్దం. సాయంత్రం ఐదు కల్లా ఏమీ జరగనట్టు మళ్లీ వచ్చేస్తాయి. ఆర్‌ఎస్‌ఎస్‌ఐ చూస్తే చివరి మెసేజ్ దాకా ఎప్పటిలాగే ఉంది. సిగ్నల్ బలం తగ్గనప్పుడు మెసేజ్ ఎందుకు ఆగిపోతుందో అర్థం కాక చాలా టెన్షన్ పడ్డాను.

మొదటి అనుమానం పవర్ మీద. ఈ చిప్ తన గరిష్ఠ పవర్ 20 డీబీఎం మీద పంపేటప్పుడు 120 మిల్లీయాంప్‌ల దాకా లాగుతుంది. ఆర్డుయినో ఉనో బోర్డు 3.3 వోల్ట్ పిన్ ఇచ్చేది 50 మాత్రమే, చాలామంది ప్రాజెక్టులు అక్కడే కూలబడతాయి. నాది ఈఎస్‌పీ32 అయినా వేరే రెగ్యులేటర్ వేసి, మాడ్యూల్ కాళ్ల దగ్గరే కెపాసిటర్ టంకం పెట్టాను. మిట్టమధ్యాహ్నం మీటర్ పట్టుకుని తోటలో నిలబడి చూస్తే సెల్లు 4.1 వోల్టులు చూపిస్తోంది. పవర్ కాదు.

రెండో అనుమానం మోటారు మీద. మాకు వ్యవసాయానికి కరెంటు ఇచ్చేది పగలే. కరెంటు వచ్చాకే మోటారు ఆడుతుంది, మెసేజ్‌లు ఆగిపోయేదీ పగలే. స్టార్టర్‌లో మోటారును ఆన్ ఆఫ్ చేసే కాంటాక్టర్ నాయిసే కారణమని గట్టిగా నమ్మాను. వైర్లకు నాయిస్ ఆపే ఫెర్రైట్ రింగులు తొడిగాను. డబ్బాను పది అడుగుల అవతల కొత్త రాతిస్తంభానికి మార్చాను. మూడు ఆదివారాలు దీనికే పోయాయి. తర్వాత ఒక రోజు లైను తెగి పగలంతా కరెంటు లేదు. మోటారు కదల్లేదు. మెసేజ్‌లు మాత్రం పన్నెండున్నరకే ఆగిపోయాయి.

దారి చూపింది మా నాయన. మధ్యలో ఒక రోజు మబ్బు పట్టి నాలుగు చినుకులు పడ్డాయి. ఆ సాయంత్రం ఫోన్ చేసి, “రేయ్, ఈ పొద్దు మద్దేనం కూడా బాగానే పలికింది నీ డబ్బా. ఎండకు ఓర్చుకోలేదేమో చూడు” అన్నాడు.

ఆ రాత్రి రెండు మాడ్యూళ్లనూ ఇంట్లో బల్ల మీద పెట్టాను. ఐదు సెకన్లకో మెసేజ్ పంపేలా కోడ్ మార్చి, అప్పుడు మొదటిసారి ఆ ఫ్రీక్వెన్సీ ఎర్రర్ ప్రింట్ చేయించాను. మైనస్ గుర్తు వదిలేసి చెబుతున్నా: మొదట 1,700 దగ్గర నిలకడగా ఉంది. పంపే మాడ్యూల్ మీదకు హెయిర్ డ్రయ్యర్ పెట్టాను. 2,900. 4,600. 6,800. 7,500. ఆ తర్వాత కొత్త అంకె పడలేదు. మాడ్యూల్ పని చేస్తూనే ఉంది, దాని ఎల్‌ఈడీ మెసేజ్ పంపినప్పుడల్లా వెలుగుతూనే ఉంది. పక్కనున్న రిసీవర్‌కు మాత్రం ఏమీ వినబడటం లేదు. డ్రయ్యర్ ఆపి ఫ్యాన్ కింద పెడితే, కాసేపటికి 7,100 అంటూ మళ్లీ మొదలైంది. రెండు నెలలుగా తోటలో రోజూ జరుగుతున్నది జానెడు దూరంలో కళ్లముందే జరిగింది.

సంగతేమిటంటే, ఇలాంటి చవక మాడ్యూల్‌లో ఫ్రీక్వెన్సీని నిలబెట్టేది మామూలు క్రిస్టల్. వేడెక్కితే దాని ఫ్రీక్వెన్సీ పది లక్షలకు కొన్ని పాళ్లు జరుగుతుంది. 866 మెగాహెర్ట్జ్ దగ్గర పది లక్షలకు 8 పాళ్లంటే దాదాపు 7,000 హెర్ట్జ్. లోరా రిసీవర్ బ్యాండ్‌విడ్త్‌లో నాలుగో వంతు తేడా దాకా ఓర్చుకుంటుంది. 125 కిలోహెర్ట్జ్‌లో నాలుగో వంతు 31 కిలోహెర్ట్జ్, కాబట్టి ఈ జరుగుడు లెక్కలోకే రాదు. 31.25లో నాలుగో వంతు 7,800 హెర్ట్జ్ మాత్రమే. 62.5 కంటే కిందికి వెళ్లాలంటే వేడికి సర్దుకునే క్రిస్టల్ ఆసిలేటర్, అంటే టీసీఎక్స్‌ఓ, వాడమని చిప్ డేటాషీట్‌లోనే ఉంది. సెట్టింగ్‌ల పేజీ చూసిన నేను ఆ వాక్యం చూడలేదు.

పరిష్కారం ఒక్క పూటలో అయిపోయింది. బ్యాండ్‌విడ్త్‌ను తిరిగి 125కి తెచ్చి, స్ప్రెడింగ్ ఫ్యాక్టర్‌ను 12కి పెంచాను. రెండు సెట్టింగ్‌లలోనూ ఒక్కో సింబల్‌కు (మెసేజ్‌ను ముక్కలుగా పంపుతుంది, ఆ ఒక్కో ముక్క) పట్టే సమయం ఒకటే, 32.8 మిల్లీసెకన్లు. నా 12 బైట్ల మెసేజ్ గాల్లో ఉండేది అప్పుడూ ఇప్పుడూ సుమారు ఒక సెకనే. పోయింది లెక్క ప్రకారం ఒక్క డెసిబెల్. యాంటెనాను ఇంకాస్త పొడుగు జీఐ పైపు మీదికి ఎక్కించేసరికి అదీ తిరిగొచ్చింది. బ్యాండ్‌విడ్త్ తగ్గించమని చలికాలంలో నేను చెప్పిన ఇద్దరికీ ఫోన్ చేసి మార్చుకోమన్నాను.

ఆ అంకెను ఇంత మెచ్చుకున్నా, దానికీ హద్దులున్నాయి. అది చేరిన మెసేజ్‌కే వస్తుంది, చేరనిదాని గురించి ఏమీ చెప్పదు. అందుకే మెసేజ్‌లు ఆగిపోయాక కాదు, బాగా వస్తున్నప్పుడే రోజూ రాసి పెట్టుకోవాలి. పైగా అది రెండు మాడ్యూళ్ల మధ్య తేడా. ఫ్రీక్వెన్సీ పక్కకు జరిగింది పంపేదానిదో, వినేదానిదో అది చెప్పదు. మనమే ఒకదాన్ని చల్లగా ఉంచి చూడాలి. రేంజ్ విషయంలోనూ మొదట్లో రెండు కిలోమీటర్లు సునాయాసం అనేవాణ్ని. పైపు మీది యాంటెనాతోనే అది నిజం. చెట్ల మధ్య నడుము ఎత్తులో పెట్టి చూస్తే సగం దూరం కూడా రాలేదు.

కొనొచ్చా అంటే, నా అవసరం చిన్నది. ఒకే జత, ఐదు నిమిషాలకో మెసేజ్, ఒకటి తప్పినా మా నాయన బండేసుకుని వెళ్లి చూసొస్తాడు. తోటలో ఫోన్ సిగ్నల్ బాగా ఉన్నవాళ్లకు సిమ్ కార్డుతో పనిచేసే జీఎస్‌ఎం మాడ్యూలే తేలిక. ఇంట్లోంచే మోటారు ఆన్ చేసే పనికి దీన్ని నేనింకా వాడలేదు, ఆర్డర్ అందిందని తిరిగి జవాబు వచ్చేలా కోడ్ రాసుకోకుండా వాడను కూడా.

డబ్బాలో ఒక టెంపరేచర్ సెన్సర్ కూడా పెట్టాను. ఈ మే నెలలో ఒక మధ్యాహ్నం రెండుంబావుకు లోపల 63 డిగ్రీలు, ఎర్రర్ 8,900. పాత సెట్టింగ్ అయితే అక్కడికి చాలా ముందే ఆగిపోయేది. ఆ మెసేజ్ వచ్చింది: మోటారు ఆన్, నీళ్లు పారుతున్నాయి.