డీవీడీ రైటింగ్ సాఫ్ట్‌వేర్: ‘లైఫ్‌టైమ్ కీ’ అని చౌకగా అమ్మితే కొనకండి

ఇంటి కంప్యూటర్‌లో సీడీలు, డీవీడీలు రైట్ చేసుకోవడానికి చవకైన సాఫ్ట్‌వేర్ వెతుకుతున్న హైదరాబాద్ మిత్రులకు ఇది నా హెచ్చరిక.

మా చెల్లెలి పెళ్లి వీడియోను ఊళ్లో అమ్మమ్మ ఇంట్లోని డీవీడీ ప్లేయర్‌లో ఆడేలా డిస్కు చేసి పంపాలనుకుని, సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో ఒక దుకాణంలో పేరున్న సాఫ్ట్‌వేర్‌కు ‘లైఫ్‌టైమ్ కీ’ (సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికీ వాడుకోవచ్చని చెప్పి ఇచ్చే కోడ్) కొన్నాను. కంపెనీ ధరలో నాలుగో వంతుకే ఇచ్చారు. చేతికి వచ్చింది మాత్రం కీ అచ్చు వేసిన చిన్న చీటీ, సెటప్ ఫైలు ఉన్న పెన్‌డ్రైవ్. ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపేయాలని దుకాణంలోని కుర్రవాడు చెప్పాడు. కొద్ది నెలలు బాగానే పనిచేసి, విండోస్‌ను మళ్లీ వేయించుకున్నాక అదే కీని సాఫ్ట్‌వేర్ అంగీకరించలేదు. ఒకే కీని ఎందరికో అమ్మితే కంపెనీ దానిని నిలిపివేస్తుంది. దుకాణానికి వెళితే కంపెనీనే అడగమన్నారు, బిల్లు చూస్తే అందులో ‘కంప్యూటర్ యాక్సెసరీస్’ అని తప్ప సాఫ్ట్‌వేర్ పేరే లేదు.

యాంటీవైరస్ ఆపమన్న మాట దగ్గరే బేరం వదిలేయాలని నా గట్టి అభిప్రాయం. సక్రమంగా అమ్మే డిస్క్ రైటింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఆ అవసరం ఉండదు. సాధారణంగా క్రాక్ చేసిన (లైసెన్స్ తనిఖీని దొంగతనంగా తప్పించిన) ఫైళ్లకే అది కావాలి, వాటితో పాటు ఇంకేమి లోపలికి వస్తుందో మనకు తెలియదు.

అసలు చాలామందికి డబ్బు పెట్టవలసిన పనే లేదు. ఫోటోలు, ఫైళ్లు డిస్కుకు ఎక్కించడం విండోస్‌లోనే ఉంది. ఖాళీ డిస్కు పెట్టినప్పుడు అడిగే రెండు పద్ధతుల్లో ‘సీడీ/డీవీడీ ప్లేయర్‌తో’ అన్నది ఎంచుకుంటే పాత కంప్యూటర్లలోనూ చదవడానికి వీలుంటుంది. ఐఎస్ఓ ఫైలును (మొత్తం డిస్కు నకలును ఒకే ఫైలుగా ఉంచినది) నేరుగా రైట్ చేసే వీలు విండోస్ 7 నుంచి ఉంది. అయితే టీవీ ప్లేయర్‌లో ఆడే వీడియో డీవీడీ వేరే సంగతి: ఎంపీ4 ఫైలును అలాగే ఎక్కిస్తే చాలా పాత ప్లేయర్లు దానిని చదవవు, డీవీడీ ప్లేయర్లు చదివే రూపంలో వీడియో ఉండే వీడియో_టీఎస్ (VIDEO_TS) ఫోల్డరు తయారు కావాలి. అందుకు విస్టా, విండోస్ 7లలో ఉన్న డీవీడీ మేకర్‌ను విండోస్ 8 నుంచి తీసేశారు కాబట్టి, ఉచితంగా దొరికే డీవీడీ స్టైలర్ వాడవచ్చు. డిస్కులు రైట్ చేసే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ ఇమ్‌గ్‌బర్న్ (ImgBurn) 2013 నాటి 2.5.8.0 వెర్షన్ సెటప్‌లో ప్రకటనల సాఫ్ట్‌వేర్ కలిసి వచ్చింది. అటువంటి సెటప్‌లలో ప్రతి టిక్కు చదివి, అక్కర్లేనివి తీసేయండి. 4.7 జీబీ డిస్కు విండోస్‌లో సుమారు 4.37 జీబీగా కనిపిస్తే కంగారు పడవద్దు, అది లెక్క కట్టే తీరులోని తేడా మాత్రమే.

కొనక తప్పదనుకుంటే కంపెనీ సైట్‌లోనే కొనండి. దుకాణంలో కొంటే సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్, ఎన్ని కంప్యూటర్లకు చెల్లుతుందో రాసిన జీఎస్టీ బిల్లు ఇవ్వనిదే డబ్బు చెల్లించకండి. ఇప్పటికే మోసపోయినవారు ఆ చీటీ, బిల్లు, చెల్లింపు వివరాలు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. ఆ సెటప్ వేశాక ఖాతాలోంచి డబ్బు పోయినట్లయితే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయండి.