అరియలూరు సున్నపురాళ్ల వేట: చెన్నై నుంచి వెళ్లేవాళ్లకి

చెన్నైలో ఉన్నవాళ్లు శిలాజాలు చూడాలంటే అరియలూరు, పెరంబలూరు చుట్టుపక్కలకి మించిన చోటు లేదు. కోట్ల ఏళ్ల కిందట, డైనోసార్ల కాలంలో అదంతా సముద్రం. బ్లాన్‌ఫర్డ్, స్టోలిచ్కా లాంటి భూగర్భ శాస్త్రవేత్తలు 1860ల్లోనే ఇక్కడి గవ్వల శిలాజాల్ని వర్ణించి పెట్టారు.

ఎగ్మూరు నుంచి రైలెక్కితే తిన్నగా అరియలూరులో దిగొచ్చు, ప్రయాణం హాయి. కానీ శిలాజాలున్న కారై, సాత్తనూరు ఊళ్లు చూడాలనుకుంటే కిలాంబాక్కం బస్టాండులో బస్సెక్కి పెరంబలూరులో దిగడమే మేలు, అక్కణ్ణుంచి దగ్గర. ఊళ్ల మధ్య తిరగడానికి కారు మాట్లాడుకోండి, ఆ లోపలి దారుల్లో బస్సుల్ని నమ్ముకుంటే మధ్యాహ్నం అక్కడే అయిపోతుంది. మాకు దొరికిన డ్రైవరు ఇంట్లో తెలుగే మాట్లాడతారట, అటువైపు రెడ్డియార్ల ఊళ్లు చాలానే ఉన్నాయి, దాంతో బేరం దగ్గర టెన్షన్ తప్పింది.

బస విషయంలో మాత్రం అరియలూరు లాడ్జి మాకు నచ్చలేదు. ఏసీకి డబ్బులు తీసుకుని ఫ్యాన్‌తో సరిపెట్టారు, వేడినీళ్లు అడిగితే "ఇదిగో వస్తున్నాయి సార్" అంటూ పదింటి దాకా లాగారు. పిల్లలతో వెళ్తే తిరుచ్చిలో ఉండి పొద్దున్నే బయల్దేరండి.

కారై దగ్గర ఎర్రమట్టి గండ్లు చూసి తీరాలి. జిప్సం పలకలు ఎండకి మెరుస్తుంటాయి, వాటి మధ్య తుపాకీ తూటాల్లా బెలెమ్నైట్లు, అంటే స్క్విడ్ లాంటి అంతరించిన సముద్ర జీవుల శిలాజాలు. సాత్తనూరులో ఒకప్పుడు సముద్రంలోకి కొట్టుకొచ్చి పూడిపోయి రాయిగా మారిన 18 మీటర్ల చెట్టు ఉంది, అది రక్షిత స్థలం కాబట్టి అక్కడ చిన్న పెంకు కూడా ముట్టుకోకూడదు. వారణవాసిలోని శిలాజాల మ్యూజియం ముందే చూస్తే మిగతా రోజంతా కళ్లకి ఏం వెతకాలో తెలుస్తుంది, గైడ్ అక్కర్లేదు.

ఇక రాళ్ల సంగతి. కల్లంకురిచి సున్నపురాయిలో గ్రైఫియా ఆల్చిప్పలు కుప్పలుగా ఉంటాయి, ఒక్కోటి చేతికి బరువుగా తగులుతుంది, పొరలు పొరలుగా మందమైన పెంకు. గనులు సిమెంటు కంపెనీలవి, అనుమతి లేకుండా లోపలికి దూరొద్దు. పొలం గట్టున విడిగా పడున్నవి ఆసామిని అడిగి ఒకటో రెండో తీసుకుంటే చాలు, సుత్తితో పగలగొట్టి తెచ్చుకోవడం నాకస్సలు నచ్చదు. తీసిన వెంటనే ఊరి పేరు రాసిన చీటీ పెట్టి పేపర్లో చుట్టండి, చోటు తెలియని శిలాజానికి విలువ సగం పోయినట్టే. ఇంటికొచ్చాక శుభ్రం చేయడానికి వెనిగర్ వాడకండి, రాయి సున్నమే, పెంకూ సున్నమే, రెండూ నురగలు కక్కి కరిగిపోతాయి. పాత టూత్‌బ్రష్షు, నీళ్లు, సందుల్లో మట్టికి సూది, అంతే.

వెళ్తే ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గాక జనవరిలో వెళ్లండి, వాన కడిగేసిన గండ్లలో కొత్తవి పైకి తేలుతాయి. ఏప్రిల్, మేల్లో అక్కడ నీడ కూడా దొరకదు.