చెస్ డేటాబేస్ పెన్‌డ్రైవ్ కొనే ముందు ఈ ఆటలు వెతికి చూడండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పిల్లల్ని టోర్నమెంట్లకి తిప్పుతున్న తల్లిదండ్రులకీ, కోచ్‌లకీ ఈ హెచ్చరిక. చెస్ డేటాబేస్ అంటే ఇదివరకు ఆడిన ఆటల ఎత్తులన్నీ దాచిపెట్టిన ఫైలు. "కోటిన్నర గేములు, స్టాక్‌ఫిష్ ప్రో, చెస్‌బేస్ ఫుల్ వెర్షన్, అన్నీ ఒకే పెన్‌డ్రైవ్‌లో" అని ఎవరైనా అమ్మజూపితే కొనకండి.

అందులో సగం ఊరికే దొరికే సరుకు. స్టాక్‌ఫిష్ (మంచి ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రాం) పూర్తిగా ఉచితం, దాన్ని తయారుచేసేవాళ్లు ప్రో అని ఏదీ అమ్మరు. మిగతా సగం దొంగ కాపీ. చెస్‌బేస్ (ఆటలు దాచి వెతికే, డబ్బిచ్చి కొనే ప్రోగ్రాం) సీరియల్ నంబరు ఇంటర్నెట్‌లో యాక్టివేట్ అవ్వాలి. ఒకే నంబరు పదిమందికి అమ్మితే మీ వంతు వచ్చేసరికి అది పనిచెయ్యదు. క్రాక్ చేసిందైతే "ముందు యాంటీవైరస్ ఆపండి" అంటారు. ఆ మాట వినగానే పెన్‌డ్రైవ్ తిరిగి ఇచ్చేయండి. మీ బ్యాంకు పనులూ ఆ కంప్యూటర్లోనే జరుగుతాయి కదా.

గేముల సంఖ్యకి మురిసిపోవద్దు. లిచెస్ (ఆన్‌లైన్‌లో చెస్ ఆడే వెబ్‌సైట్) ఉచితంగా ఇచ్చే ఒక్క నెల ఫైలులోనే కోట్ల ఆటలుంటాయి, చాలావరకు బ్లిట్జ్, బుల్లెట్ అనే కొద్ది నిమిషాల ఆటలు. అసలు నష్టం డూప్లికేట్లతో, అంటే ఒకే ఆట పలుసార్లు ఎక్కడంతో. ఒక అరుదైన వేరియేషన్‌లో (ఎత్తుల వరసలో) నాలుగే ఆటలున్నాయనుకోండి, తెల్లవి రెండు గెలుపులు, నల్లవి రెండు. నల్ల గెలిచిన ఒక ఆట మూడుసార్లు ఎక్కితే తెల్ల గెలుపు 50 శాతం నుంచి 33కి పడిపోతుంది. పిల్లలు ఆ అంకె నమ్మి మంచి లైను వదిలేస్తారు.

అందుకే డబ్బులివ్వకముందే, అమ్మేవాళ్ల ల్యాప్‌టాప్‌లోనే వెతికించండి. 2013 వైక్ ఆన్ జీ టోర్నమెంట్లో అరోనియన్ మీద ఆనంద్ నల్లపావులతో 23 ఎత్తుల్లో గెలిచిన ఆట ఒక్కసారే కనిపించాలి. "ఆనంద్, వి" అని ఒకటి, పూర్తి పేరుతో ఇంకొకటి ఉంటే శుభ్రం చెయ్యని డేటా అది. "లేటెస్ట్" అని అమ్మితే కనీసం 2024 సింగపూర్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో గుకేశ్, డింగ్ లిరెన్ ఆడిన 14 ఆటలూ ఉండాలి.

ఇదంతా మీరే చేసుకోవచ్చు. స్కిడ్ వర్సెస్ పీసీ అనే డేటాబేస్ ప్రోగ్రాం ఉచితం. 'ది వీక్ ఇన్ చెస్' వెబ్‌సైట్ వారం వారం ఇచ్చే పీజీఎన్ ఫైళ్లు (ఆటల ఎత్తులు మామూలు అక్షరాల్లో ఉండేవి) చిన్నవే, పలాసలోనో బొబ్బిలిలోనో ఫోన్ హాట్‌స్పాట్‌తో దిగిపోతాయి. స్కిడ్‌లో కొత్త డేటాబేస్ తెరిచి వాటిని అందులోకి ఇంపోర్ట్ చెయ్యండి. పీజీఎన్‌నే నేరుగా వాడితే పెద్దదయ్యేకొద్దీ నెమ్మదిస్తుంది. తర్వాత వరస తప్పకూడదు: ముందు బ్యాకప్, స్పెల్లింగ్ ఫైలుతో (ఆటగాళ్ల పేర్ల సరైన రూపాలుండే ఫైలు) పేర్లు సరిచెయ్యడం, అప్పుడు ట్విన్ గేములు (డూప్లికేట్లు) తీసెయ్యడం, చివర కంపాక్ట్. పేర్లు కలవకపోతే ట్విన్లు దొరకవు. కంపాక్ట్ చెయ్యకపోతే తీసేశామనుకున్నవి గుర్తుతో లోపలే ఉండిపోతాయి.

స్టాక్‌ఫిష్ తెరవగానే మూసుకుపోతే చాలాసార్లు ఫైలు పాడవ్వడం కాదు, పాత ప్రాసెసర్‌కి ఏవీఎక్స్2 బిల్డ్ (కొత్త ప్రాసెసర్ల కోసం చేసిన రకం) వేసుంటారు. పాత ప్రాసెసర్ల కోసం ఇచ్చే బిల్డ్ దించుకోండి. 8 జీబీ ర్యామ్‌కి హ్యాష్ (స్టాక్‌ఫిష్ వాడుకునే మెమరీ) 1024 ఎంబీ చాలు.

నిజమైన చెస్‌బేస్‌కి విలువ లేదని కాదు. ఆ కంపెనీ అమ్మే మెగా డేటాబేస్‌లో లక్షకు పైగా ఆటలకి వ్యాఖ్యానాలున్నాయి, ఉచితంగా అలాంటిది దొరకదు. ప్రత్యర్థుల మీద తయారయ్యే స్థాయికి వచ్చినవాళ్లు బిల్లుతో కొని, తమ ఈమెయిల్ మీదే యాక్టివేట్ చేసుకోవాలి. విండోస్‌లోనే నడుస్తుంది. మొదలుపెట్టిన పిల్లలకి ఆ ఖర్చు అక్కర్లేదు.

ఇప్పటికే పెన్‌డ్రైవ్ కొనేసినవాళ్లు అందులోని ఈఎక్స్‌ఈ (ప్రోగ్రాం) ఫైళ్లేవీ తెరవకండి. పీజీఎన్ ఉంటే అదొక్కటే కాపీ చేసుకోండి. సీబీవీ, సీబీహెచ్ అనేవి చెస్‌బేస్ సొంత ఫైళ్లు, స్కిడ్‌లో తెరుచుకోవు.