మధురపూడికి విమానం, దిండికి కారు: మోకాలు వంగని మనిషితో ప్రయాణం

మా మేనత్తకు ఎడమ మోకాలు వంగదు. ఆపరేషన్‌లో కీలు బిగించేశారు. మలికిపురం దగ్గర బంధువుల ఇంట్లో పెళ్లికి హైదరాబాద్ నుంచి రాజమహేంద్రవరం విమానంలో తీసుకెళ్లాను.

వీల్‌చైర్ అడిగితే సీటు సంగతి కూడా వాళ్లే చూసుకుంటారని చాలామంది అనుకుంటారు. అవి రెండూ వేర్వేరు. వీల్‌చైర్ విషయంలోనూ మూడు రకాలున్నాయి: మెట్లెక్కగలరు కానీ దూరం నడవలేరు అంటే డబ్ల్యూసీహెచ్ఆర్, మెట్లు కూడా ఎక్కలేరంటే డబ్ల్యూసీహెచ్ఎస్, సీటు దాకా మోసుకెళ్లాల్సిందే అంటే డబ్ల్యూసీహెచ్‌సీ. ఏది కావాలో 48 గంటల ముందే చెప్పడం మేలు.

సీటు ఎంచుకునే ముందు ఏ విమానమో కనుక్కోండి. మేము ఎక్కింది ఏటీఆర్ 72 అనే చిన్న విమానం. అందులో ప్రయాణికుల తలుపు వెనకవైపు ఉంటుంది, ముందు సీటు ఇస్తే నడవంతా దాటాలి. పైగా ముందు వరుస పక్కనే అత్యవసర ద్వారం. కదలడం కష్టమైనవారిని అక్కడ కూర్చోనివ్వరు. అత్తయ్యకు కావలసింది వెనక వరుసల్లో, కుడివైపు జంట సీట్లలో నడవ పక్కది. అప్పుడే ఎడమ కాలు నడవలోకి చాచుకోవచ్చు.

ఇదంతా విమాన సంస్థకు ఫోనులో చెప్పాను, 'రాసుకున్నాం సార్' అన్నారు. కౌంటర్ దగ్గర చేతికొచ్చింది మాత్రం కిటికీ సీటు! నడవ సీటు కావాలంటే అదనపు రుసుము కట్టమన్నారు. అమెరికాకు వెళ్లే, అక్కడి నుంచి వచ్చే విమానాల్లోనైతే కాలు వంగనివారు ముందే అడిగితే, వారి తరగతిలోనే ఎక్కువ జాగా ఉన్న సీటును, ఆ కాలికి అనువైన వైపున ఇవ్వాలని అక్కడి నిబంధన. మన కౌంటర్‌లో ఆ మాట ఎత్తితే వింతగా చూశారు. చివరికి లోపల ఒక పెద్దాయన లేచి చోటిచ్చారు. టీ బండి వచ్చినప్పుడల్లా అత్తయ్య కాలు ముడవలేక పక్కకు ఒరిగింది, ఆ మాత్రం తప్పదు.

దిగడం నయం. ఏటీఆర్ మెట్లు తక్కువే, పట్టుకోవడానికి కమ్మీ ఉంటుంది. మధురపూడిలో, అంటే రాజమహేంద్రవరం విమానాశ్రయంలో, వీల్‌చైర్ తెచ్చిన కుర్రాడు కారు తలుపు దాకా వచ్చాడు, తొందరపెట్టలేదు.

మలికిపురం దగ్గరి దిండిలో మేము బస చేసిన చోట కింది అంతస్తు గది, కిటికీలోంచి వశిష్ఠ గోదావరి కనిపిస్తుంది. స్నానాలగదిలో పట్టుకోవడానికి మాత్రం ఏమీ లేదు; ప్లాస్టిక్ కుర్చీ అడిగి వేయించుకున్నాం. పడవ ఇల్లు చూడటానికి బాగుంది కానీ ఒడ్డు నుంచి సన్నటి చెక్క మీద నడిచి ఎక్కాలి. వద్దనుకున్నాం.

అత్తయ్య అన్నిటికంటే సుఖపడింది సఖినేటిపల్లి పంటు (వాహనాలను గోదావరి దాటించే బల్లకట్టు) మీదే. కారుతో సహా ఎక్కించి నరసాపురం వైపు దించారు, ఆమె సీట్లోంచి కదలనేలేదు. వరదల కాలంలో పంటు ఆపేస్తారు, అప్పుడు చించినాడ వంతెన మీదుగా వెళ్లాలి.

తిరుగు ప్రయాణానికి సీటు నంబరు టికెట్ మీద పడిందని చూసుకున్నాకే ఫోను పెట్టేశాను.