మకీటా 9553 గ్రైండర్: మిషను మంచిదే, స్విచ్ దగ్గరే జాగ్రత్త

గేట్లు, గ్రిల్లులు చేసే షాపులో రోజంతా చేతిలో ఉండేది ఇనుము కోసే, రుద్దే నాలుగంగుళాల గ్రైండరే. ఆ పనికి మకీటా 9553 చక్కగా సరిపోతుంది. 710 వాట్ల మోటారు, నిమిషానికి 11,000 చుట్లు, బరువు కిలోన్నర లోపే. బాడీ సన్నగా ఉండటంతో పిడికిలికి పట్టు బాగా కుదురుతుంది. పైపులు, యాంగిళ్లు, ఫ్లాట్లు కోయడానికి ఈ శక్తి చాలు. మందపాటి ప్లేటు మీద గంటల తరబడి రుద్దే పనుంటే ఐదంగుళాలది తీసుకోండి. దీన్ని బలంగా అదిమితే వేగం పడిపోయి కాయిల్ వేడెక్కుతుంది.

నచ్చనిది స్విచ్. ముందుకు తోసి ముందు కొసను నొక్కితే లాక్ అవుతుంది. వేలికి హాయే, కానీ మధ్యలో కరెంటు పోతే అది ఆన్‌లోనే ఉండిపోతుంది. మిషను కింద పెట్టి టీకి వెళ్లారా, కరెంటు రాగానే దానంతటదే తిరిగి నేల మీద గెంతుతుంది. దాన్ని ఆపే ఏర్పాటు ఇందులో లేదు. కరెంటు పోగానే స్విచ్ వెనక కొస నొక్కి లాక్ వదిలించాలి, ప్లగ్గు పీకాలి. మళ్లీ ప్లగ్గు పెట్టే ముందు ఇంకోసారి స్విచ్ తడిమి చూడాలి.

దీనికి 100 మిల్లీమీటర్ల డిస్కు, 16 మిల్లీమీటర్ల రంధ్రం. గార్డు (డిస్కును కప్పి ఉంచే రేకు) పీకేసి ఐదంగుళాల డిస్కు బిగించడం చాలా షాపుల్లో కనిపిస్తుంది. దాని రంధ్రం 22 మిల్లీమీటర్ల పైనే. అందుకే నడిమికి కూర్చోదు, ఊగుతూ తిరుగుతుంది, పగిలితే అడ్డుకోవడానికి గార్డూ ఉండదు. చెక్క కోసే పళ్ల బ్లేడు అసలే వద్దు. పన్ను చెక్కలో పట్టుకుంటే మిషను ఒక్కసారిగా మీదికి ఎగురుతుంది.

డిస్కు మధ్యలోని ఇనుప రింగు మీద గడువు ఉంటుంది, చూసి కొనండి. ఒక మిల్లీమీటరు కటింగ్ డిస్కు పెట్టేటప్పుడు లాక్ నట్టు (డిస్కును బిగించే నట్టు) ఉబ్బు వైపు బయటికి రావాలి. మందపు గ్రైండింగ్ డిస్కుకైతే ఆ ఉబ్బు లోపలికి. తిరగేసి బిగిస్తే పలచటి డిస్కు గట్టిగా పట్టదు. కొత్త డిస్కును ముఖానికి దూరంగా పట్టి ఒక నిమిషం ఖాళీగా తిప్పాలి. కటింగ్ డిస్కు పక్కభాగంతో అరగదీయకూడదు. పైపు కోసేటప్పుడు తెగి పడే కొస కిందికి వాలేలా ఉంచాలి. రెండు చివర్లా ఆనిస్తే కోత మూసుకుని డిస్కు బిగుస్తుంది. కళ్లద్దాలు తప్పనిసరి. మెడలో తువ్వాలు వేలాడకూడదు.

సర్వీసు సులువే. ప్లగ్గు పీకి, గాలి రంధ్రాల్లోని ఇనుప పొడిని బ్లోయర్‌తో ఊదాలి. అది లోపల పేరుకుంటే మోటారు కాలుతుంది, మిషను బాడీకి కరెంటు పాకి షాక్ కొట్టే ప్రమాదమూ ఉంది. కార్బన్లు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) హద్దు గీత దాకా అరిగితే జతగా మార్చాలి, ఒక్కటే మారిస్తే కుదరదు. కొత్తవి వేశాక కూడా లోపల రవ్వలు చుట్టూ పరుగెడుతుంటే ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) మెకానిక్‌కు చూపించాలి. మిషను తలకాయ దగ్గర గరగర వస్తే గేర్ల గ్రీజు ఎండిందో, పన్ను విరిగిందో విప్పి చూడాలి. డిస్కు తిరుగుతుండగా షాఫ్ట్ లాక్ (డిస్కు మార్చేటప్పుడు షాఫ్ట్ తిరక్కుండా పట్టే బటన్) నొక్కితే దాని పిన్ను విరుగుతుంది. ఈ మిషన్లలో అనవసరంగా వచ్చే రిపేరు అదే. కొనేటప్పుడే ఒక జత కార్బన్లు, ఒక లాక్ నట్టు అదనంగా తీసుకోండి.