ఆడమంట్, ఇన్‌ట్రాన్సిజెంట్: ఏది ఎక్కడ?

ఈ రెండు ఇంగ్లీషు మాటలకీ నిఘంటువు ‘పట్టు విడవని’ అనే చెబుతుంది. కానీ ఒకదాని బదులు ఇంకొకటి పెడితే వాక్యం అన్నిసార్లూ కుదరదు.

ఆడమంట్ పాతది. మూలం గ్రీకు ‘అడమాస్’, అంటే లొంగదీయలేనిది. ఏ దెబ్బకూ పగలని పదార్థాన్ని అలా పిలిచేవారు. డైమండ్ కూడా ఈ వేరుదే. మధ్యయుగంలో దీన్ని లాటిన్ ‘అడమారే’తో, అంటే ఇష్టపడటంతో, కలగలిపి సూదంటురాయికీ ఇదే పేరు పెట్టారు. చిత్రమే, కానీ ఆ అర్థం నిలవలేదు.

ఇన్‌ట్రాన్సిజెంట్ పుట్టింది రాజకీయాల్లో. 1873లో స్పెయిన్‌లో మొదటి రిపబ్లిక్ వచ్చినప్పుడు, రాజీకి రాని తీవ్ర రిపబ్లికన్లను ‘ఇంట్రాన్సిహెంతెస్’ అన్నారు. లోపల ఉన్నది లాటిన్ ‘ట్రాన్సిజెరె’, అంటే వ్యవహారం తేల్చుకోవడం. ట్రాన్సాక్షన్ దీని చుట్టమే.

అసలు తేడా ఇక్కడే. ఇన్‌ట్రాన్సిజెంట్‌కి ఎదుట ఇంకో పక్షం, మధ్యలో బేరం ఉండాలి: చర్చల్లో మెట్టు దిగని యాజమాన్యం, యూనియన్. పైగా అందులో నింద ఉంటుంది, ఎవరూ తమ గురించి తాము అలా చెప్పుకోరు. ఆడమంట్‌కి బేరం అక్కర్లేదు. ‘ఆ కారు ఎర్రదే’ అని తెగేసి చెప్పే సాక్షికి అది చక్కగా సరిపోతుంది. ‘అయామ్ ఆడమంట్’ అని నిక్షేపంగా అనుకోవచ్చు.

తప్పులు ఎక్కువగా వ్యాకరణంలోనే. ఆడమంట్ తర్వాత ‘దట్’ పెట్టి పూర్తి వాక్యం రాయొచ్చు, ‘ఎబౌట్’ కూడా పడుతుంది. ఇన్‌ట్రాన్సిజెంట్ తర్వాత ‘దట్’ పెట్టకూడదు. నామవాచకం కావాలంటే మాత్రం ఇన్‌ట్రాన్సిజెన్స్ నయం, ఆడమన్సీ అరుదు.