పాత కారు బ్రేక్ పెడల్ కిందకి దిగిపోతోందా: డ్రమ్ అడ్జస్ట్‌మెంటా, కొత్త ఆయిలా, స్టీల్ హోస్‌లా, ఏది మేలు?

బ్రేక్ పడుతోంది కానీ పెడల్ సగం దాకా దిగితే గానీ పట్టట్లేదు, స్పాంజ్ మీద కాలేసినట్టుంది, ఏం మార్చాలి? పాత కారు నడిపేవాళ్లందరికీ ఏదో ఒక రోజు వచ్చే డౌటే ఇది. అడిగితే చాలామంది స్టీల్ అల్లిక హోస్‌లు (చక్రాల దగ్గరికి బ్రేక్ ఆయిల్ తీసుకెళ్లే మెత్తటి గొట్టాలు) వేయించు, రాయిలా అయిపోతుంది అంటారు. నేనైతే దాన్ని చివర్లో పెడతా. నా కారుకి 19 ఏళ్లు, ముందు డిస్కులు వెనక డ్రమ్ములు, ఈ మూడు పనులూ ఇంట్లోనే చేశాను కాబట్టి చెప్తున్నా.

స్పానర్ పట్టుకునే ముందు కాలితో చెక్ చేయండి. మొదటిసారి కిందకి దిగి, వెంటనే రెండోసారి నొక్కితే పైనే పట్టేస్తోందంటే ఎక్కువగా వెనక డ్రమ్ముల్లో గ్యాప్ పెరిగినట్టు. ఎక్కడ పట్టినా మెత్తగా సాగుతోందంటే లైన్లో గాలి ఉంది. గట్టిగా నొక్కి పట్టుకుంటే మెల్లగా కిందకి జారిపోతోంటే మాత్రం మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్‌ని లైన్లోకి నెట్టేది) లోపలి సీళ్లు పోయినట్టే, దానికి ఈ మూడూ పనిచేయవు, అది బాగయ్యేదాకా బండి తీయకండి.

ఇక డ్రమ్ అడ్జస్ట్‌మెంట్. దీనికి దాదాపు ఖర్చు లేదు, కానీ మూడింట్లో ఎక్కువ తేడా తెలిసేది దీనికే అని నా అనుభవం. షూలు, అంటే డ్రమ్ము లోపల ఒత్తుకుని చక్రాన్ని ఆపే ముక్కలు, అరిగేకొద్దీ వాటికీ డ్రమ్ముకీ మధ్య ఖాళీ పెరుగుతుంది, దాన్ని సర్దడానికి ఆటో అడ్జస్టర్ ఉంటుంది గానీ పాత బండ్లలో అది తుప్పుతో బిగుసుకుపోతుంది, అప్పుడు పెడల్ మొదటి సగం అంతా ఆ ఖాళీ నింపడానికే పోతుంది. ముందు చక్రాలకి అడ్డు పెట్టి, వెనక ఎత్తి కచ్చితంగా స్టాండ్ల మీద నిలబెట్టి (ఒక్క జాకీని నమ్మి కిందకి దూరొద్దు), హ్యాండ్ బ్రేక్ కేబుల్ లూజ్ చేసి, వెనక ప్లేటు రంధ్రంలోంచి స్క్రూడ్రైవర్‌తో అడ్జస్టర్ పళ్ల చక్రాన్ని ఒక్కో పన్నూ తిప్పాలి. నా ఎడమ పక్క 11 పళ్లు తిప్పితే గానీ షూ తగల్లేదు, కుడి పక్క 4కే తగిలింది, అంటే ఇన్నాళ్లూ ఎడమది ఎంత వదులుగా ఉందో చూడండి. బండి చక్రం చేత్తో తిప్పితే సర్ర్‌మని సన్నగా రాసుకునే చప్పుడు రావాలి, కానీ చక్రం ఆగకూడదు. పెడల్ నాలుగైదు సార్లు నొక్కి మళ్లీ తిప్పి చూసుకుని, అప్పుడు హ్యాండ్ బ్రేక్ కేబుల్ సెట్ చేయాలి. డ్రమ్ము ఊడదీస్తే లోపలి దుమ్ము ఊదొద్దు, పాత షూల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవండి.

తర్వాత బ్రేక్ ఆయిల్. ఇక్కడ చాలామంది ఒక విషయం కలిపేసుకుంటారు. ఆయిల్ పాతబడితే నీళ్లు పీల్చుకుంటుంది, డాట్ 4 (బ్రేక్ ఆయిల్ రకం) ప్రమాణం ప్రకారం కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, 3.7 శాతం నీళ్లు చేరాక ఆ లెక్క 155కి పడిపోతుంది. కానీ నీళ్లు చేరినంత మాత్రాన మామూలు డ్రైవింగ్‌లో పెడల్ మెత్తబడదు, ఘాట్ దిగుతూ బ్రేకులు కాగిపోయినప్పుడు ఆయిల్ మరిగి ఆవిరైతే ఒక్కసారిగా మెత్తబడుతుంది. రోజూ ఉండే మెత్తదనానికి కారణం గాలి. అంటే ఆయిల్ మార్చాక పెడల్ బాగుపడిందంటే అది ఎక్కువగా బ్లీడింగ్ (లైన్లో గాలి తీసేయడం) పుణ్యమే. అయినా రెండేళ్లకోసారి మార్చడం నేను మానను, అది ప్రాణానికి సంబంధించింది.

బ్లీడింగ్‌కి మా తమ్ముడు పెడల్ దగ్గర, నేను చక్రం దగ్గర. "నొక్కి పట్టుకో" అంటా, చక్రం దగ్గర ఆయిల్, గాలి బయటికొచ్చే నిపుల్ వదులు చేస్తా, వాడు "దిగిందన్నా" అంటాడు, బిగించాక "వదులు" అంటా. మొదటి చక్రం నుంచి ఇంజిన్ ఆయిల్‌లా నల్లటిది వచ్చింది, దాని వెనకే పైపులో ఆవగింజంత బుడగలు వరసగా. ఒక జాగ్రత్త, పాత బండిలో పెడల్‌ని నేలకి ఆనేదాకా తొక్కనివ్వొద్దు, మాస్టర్ సిలిండర్ లోపల రోజూ సీలు వెళ్లని చోట తుప్పు ఉంటుంది, అక్కడికి వెళ్తే సీలు చిరిగిపోతుంది. పెడల్ కింద చెక్కముక్క పెట్టండి చాలు. మాస్టర్ సిలిండర్ మీది డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా పోస్తూ ఉండాలి, లేదంటే మళ్లీ మొదటికొస్తుంది. డాట్ 5 మాత్రం సిలికాన్, డాట్ 3, 4తో కలపకూడదు. ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి పోతే చాలా బండ్లకి స్కానర్ కావాలి, అది ఇంటి పని కాదు.

స్టీల్ హోస్‌లు మంచివే, కాదనను, లోపలి గొట్టం ప్రెషర్‌కి ఉబ్బదు కాబట్టి పెడల్ కొంచెం బిగువుగా అనిపిస్తుంది. కానీ నేను వేశాక తెలిసిన తేడా డ్రమ్ములు సరిచేసినప్పటి తేడాలో నాలుగో వంతు కూడా లేదు. పైగా అల్లిక కింద గొట్టం పాడైతే కంటికి కనపడదు, రబ్బరుదైతే వంచి చూస్తే పగుళ్లు తెలుస్తాయి. పాత రబ్బరు పగిలినా ఉబ్బినా ఆలోచించకుండా మార్చాలి, మామూలు డ్రైవింగ్‌కి కొత్త రబ్బరు హోస్ సరిపోతుంది. ఎలాగూ హోస్ మారిస్తే గాలి తీయాల్సిందే, కాబట్టి ఆయిల్ మార్చే రోజే పెట్టుకోండి, రాగి వాషర్లు మాత్రం కొత్తవి వేయండి.

నా వరస అయితే డ్రమ్ములు, తర్వాత బ్లీడింగ్, హోస్‌లు అవసరమైతేనే. అయ్యాక ఖాళీ రోడ్డు మీద మెల్లగా ఓ పది నిమిషాలు తిప్పి, డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోకుండానే వేడి తెలుస్తుంది, ఒక పక్క ఎక్కువ సెగ కొడుతోంటే అక్కడ ఒకట్రెండు పళ్లు వెనక్కి తిప్పండి.